రాతి మీద ఎర్రటి పేరు

చిలింగ్ గ్రామం
14 ఏప్రిల్ 1996

చెల్లి వాన్‌జెన్‌కి, అక్క సూచిన్ దీవెనలు.

నింగ్బో చేరానని ఊరి దుకాణానికి ఫోను చేసి చెప్పావు. ఆ కబురు నాకంటే ముందు ఊరికి తెలిసింది. ఆ ఫోను పట్టుకుంటే చుట్టూ ఆరుగురు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటారు. అందుకే నేను "ఊఁ, ఊఁ" అని పెట్టేశాను. కోపమనుకోకు.

సమాధులు ఊడ్చే పండుగనాడు నీకు రెండు సమాధులూ ఒక్క రోజే చూపించడం నా తప్పు. పొద్దున కొండ లోపల రెండు వేల ఏళ్ళ నాటి రాజుగారిది, మధ్యాహ్నం కొండ వెనక మీ బావది. కొండ లోపలికి దిగగానే నువ్వు శాలువా కప్పుకుని, "అక్కా, రోజూ ఇందులోనే కూర్చుంటావా?" అన్నావు. కూర్చుంటాను. మీ బావ పోయాక ఆయన కాపలా ఉద్యోగం నాకిచ్చారు. తొమ్మిదేళ్ళయింది. రాణీగారి గదిలో నా ముక్కాలిపీట. గోడలు తాకవద్దని చెప్పడం, దీపం వెలుగు పడినచోట మొలిచే నాచుని మెత్తటి బ్రష్షుతో తీయడం, ఇంతే పని. చీకటి మూలల్లో ఏదీ మొలవదు.

"కొండ తొలిచారు, గోడలు చెక్కారు, రాతి పడక వేశారు. రాణీగారు మాత్రం రాలేదు" అని షెన్ మాస్టారు యాత్రికులకు చెబుతున్నప్పుడు నువ్వొక్కదానివే నవ్వావు. "తెలివైన మనిషి" అన్నావు. మాస్టారు రోజంతా ఆ మాటే తలుచుకున్నారు.

మధ్యాహ్నం నీ నవ్వు పోయింది. మామగారు సన్న కుంచెతో నా పేరుకి ఎర్ర రంగు దిద్దుతుంటే నువ్వు పొగ వంకతో కళ్ళు తుడుచుకున్నావు. పోయిన మొగుడి పేరు నలుపు, పక్కన బతికున్న పెళ్ళాం పేరు ఎరుపు. ఆమె పోయాక అదీ నలుపే. ఇది మనకు కొత్తా? మన నాయనమ్మ పేరు పద్దెనిమిదేళ్ళు ఎర్రగా ఉంది. ఆవిడ ఆ రాయికి ఆనుకుని కూర్చుని వేరుశనక్కాయలు తినేది.

నాకు మాత్రం ఆ కుంచె కదులుతున్నంతసేపూ మెడ వెనక చల్లగా ఉంటుంది. ఇది ఎవరికీ చెప్పలేదు.

బస్సెక్కేదాకా నువ్వు మాట్లాడలేదు. ఏమనుకుంటున్నావో రాయి.

గ్వాన్‌యిన్ అమ్మ నీ ఇంటిని చల్లగా చూడాలి.
నీ అక్క

•

నింగ్బో
10 మే 1996

అక్కా,

ఏమనుకుంటున్నానో రాయమన్నావు. రాస్తున్నాను, తర్వాత బాధపడకు.

నీకు యాభై ఏళ్ళు. పగలంతా ఒక సమాధిలో కూర్చుంటావు. సాయంత్రం ఇంటికొచ్చి మామగారికి గంజి కాస్తావు. పండుగనాడు ఆయన నిన్ను ఇంకో సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, "ఇదిగో, నీ చోటు" అని చూపిస్తాడు. నాయనమ్మకు తొమ్మిదిమంది మనవలు. వేరుశనక్కాయలు తినడానికి తీరికా ఉంది, పళ్ళూ ఉన్నాయి. నీకెవరున్నారు?

మా మేడ మీద గది ఖాళీ. మా ఆయన ఓడల మరమ్మతు నుంచి నెలకి నాలుగు రోజులు ఇంటికొస్తాడు. నా కుట్టు దుకాణంలో బొత్తాములు కుట్టేవాళ్ళు లేరు. పొద్దున పడవెక్కితే పుతువో ద్వీపం, నీ గ్వాన్‌యిన్ అమ్మవారి గుళ్ళన్నీ అక్కడే. చిన్నప్పటి నుంచి అక్కడికి వెళ్ళాలన్నది ఎవరు? నేనా?

ఇకపోతే, షెన్ మాస్టారు రోజంతా నా మాటే తలుచుకున్నారని రాశావు. రోజంతా ఆయనేం తలుచుకుంటున్నారో నీకెలా తెలుసు? ఊరికే అడిగాను.

వచ్చేటప్పుడు నీ పెళ్ళినాటి ఎర్ర దూది కోటు వేసుకో. స్టేషను గుంపులో సులువుగా కనబడతావు.

నీ జవాబు కోసం పోస్టువాడి సైకిలు గంట వింటూ కూర్చునే
వాన్‌జెన్

•

చిలింగ్
20 జూన్ 1996

చెల్లీ,

ఆలస్యానికి క్షమించు. గోధుమ కోతలు. తోడికోడలు ఫాంగ్ నడుం పట్టేసిందని పడుకుంటే వాళ్ళ వాటా కూడా నేనే కోశాను.

ఇక్కడ ఒక కబురు. సమాధి చూడ్డానికి బస్సులు ఎక్కువయ్యాయి. కొండ వెనక వాటికి చోటు చేస్తారట. అక్కడున్న మా ఊరి సమాధులన్నీ ఏటి అవతల కొత్త శ్మశానానికి మార్చాలి. ఏడాదిలో పగలు అతి పొట్టిగా ఉండే రోజుకి, అంటే డిసెంబరులో. అందరికీ కొత్త రాళ్ళు. ఏ రాయి మీద ఎవరి పేర్లు చెక్కాలో సెప్టెంబరులోగా రాసివ్వాలి.

ఆ కాగితం వచ్చిన రోజు దాన్ని నాలుగుసార్లు చదివాను. పాత రాయి పోతుంది. కొత్త రాతి మీద నా పేరు ఇంకా లేదు. "మామయ్యా, ఈసారి నా పేరు వద్దు" అనాలని మూడు రోజులు గంజి గిన్నె పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. "ఉప్పు తక్కువైందా?" అన్నాను. "సరిపోయింది" అన్నాడు.

నేను నోరు మెదపలేకపోవడానికి కారణం ఆయన కాదు. మీ బావని మట్టిలో పెట్టిననాడు సమాధి మీద మద్యం పోస్తూ, "కొన్నాళ్ళు ఓర్చుకో, నేనూ వస్తాను" అన్నాను. నలుగురూ విన్నారు. అన్నది నేను. అమ్మవారి ముందు రోజూ దీపం పెట్టే మనిషిని, చనిపోయినవాడికిచ్చిన మాట ఎలా తప్పను? అందుకే నీ మేడగది తలుచుకుంటాను, తలుచుకుని తప్పు చేసినట్టు లెంపలు వేసుకుంటాను.

మొన్న మధ్యాహ్నం కొండలో కరెంటు పోయింది. రాణీగారి గదిలో నేను, నలభైమంది బడిపిల్లలు. కన్ను పొడుచుకున్నా కనబడదు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. నేను గ్వాన్‌యిన్ నామం మెల్లగా అంటుంటే ఒక్కొక్కరే అందుకున్నారు. పావుగంట తర్వాత దీపాలొచ్చాయి. పిల్లలందరూ పరుగెత్తి బయటికి పోయారు. నేను మాత్రం పీట మీదే ఉండిపోయాను. గోడ మీద ఉలిగుర్తులు సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంటాయి, చూశావుగా. తొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్నవే. ఆ రోజు మాత్రం మిగతా సగం నాకోసం చెక్కుతారేమో అనిపించింది.

షెన్ మాస్టారు వేడినీళ్ళు తెచ్చి, పీట చల్లగా ఉందని తన మెత్త ఇచ్చారు. మంచి మనిషి.

తప్పొప్పులు మన్నించు.
సూచిన్

•

నింగ్బో
15 జులై 1996

అక్కా,

షెన్ మాస్టారి గురించి అడిగితే జవాబు రాయలేదు. రాయకపోగా, మెత్త ఇచ్చారని రాశావు. నాకు అర్థమైంది. సిగ్గుపడకు. యాభై ఏళ్ళకి సిగ్గేమిటి?

నువ్వు గంజి గిన్నె పట్టుకుని నిలబడుతూనే ఉంటావు. సెప్టెంబరు వచ్చేస్తుంది. అందుకే నేనే మీ మామగారికి ఉత్తరం రాశాను. చాలా మర్యాదగా రాశాను, మా దుకాణంలో చదువుకున్న అమ్మాయి చేత దిద్దించాను కూడా. మా అక్కకి ఇంకా బతుకు మిగిలి ఉంది, ఆమె మంచీచెడ్డా చూసే గౌరవనీయులు ఒకరు అక్కడే ఉన్నారు, కాబట్టి కొత్త రాతి మీద ఆమె పేరు వేయించవద్దని కోరాను. ఎవరి పేరూ రాయలేదు. నేనేం తెలివితక్కువదాన్ని కాదు.

పెద్దాయన మనసు కరుగుతుందని నా నమ్మకం.

నీ వాన్‌జెన్

•

చిలింగ్
6 ఆగస్టు 1996

వాన్‌జెన్,

మామగారికి చదువు రాదు. ఆ సంగతి నీకు చెప్పానో లేదో గుర్తులేదు. నీ ఉత్తరం ఫాంగ్ చదివి పెట్టింది. వాకిట్లో, గట్టిగా. మధ్యలో దగ్గొస్తే ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

ఆ రోజు నుంచి మామగారు నా చేతి గంజి తాగడం లేదు. గిన్నె పట్టుకుని పెద్దకొడుకు వాకిట్లోకి వెళ్ళి తింటున్నాడు. నాతో ఒక్క మాట లేదు. అడిగినా లేదు.

షెన్ మాస్టారికి అరవై ఏడేళ్ళు. ఇంట్లో భార్య ఉంది. ఇది నేను ముందే రాయాల్సింది. నువ్వు వేళాకోళమాడుతున్నావనుకుని, అలాంటి మాటకు జవాబెందుకని ఊరుకున్నాను.

ఆవిడ సోమవారం టికెట్టు కొనుక్కుని వచ్చి, రాణీగారి గదిలో నా ఎదురుగా మడత పీట వేసుకుని కూర్చుంది.

"వదినా, ఇక్కడ చలి. మోకాళ్ళకి మంచిది కాదు" అన్నాను.

"నా మోకాళ్ళ సంగతి నే చూసుకుంటా. నీ పని నువ్వు చూసుకో" అంది.

మధ్యాహ్నం దాకా పొద్దుతిరుగుడు గింజలు కొరికింది. పొట్టు కింద వేసింది, ఊడ్చాను. మళ్ళీ వేసింది, మళ్ళీ ఊడ్చాను. చివరికి, "ముప్పై తొమ్మిదేళ్ళ కాపురం. ఆ మనిషి నాకొక మెత్త ఇచ్చిన పాపాన పోలేదు. నీకెందుకిచ్చాడు?" అంది.

"పీట చల్లగా ఉందని."

"మా ఇంట్లో పీటలు వెచ్చగా ఉంటాయా?"

మెత్త ఆవిడ చేతిలో పెట్టాను. "ఈ పాతది నాకెందుకు?" అంటూ చంకలో పెట్టుకుని పోయింది.

నీకు నవ్వొస్తుందేమో. నాకు రాలేదు. ఇదివరకు రాయి ఒక్కటే నన్ను చూసేది. ఇప్పుడు ఊరంతా చూస్తోంది. నేను ఏటికి వెళితే ఒకరు, దుకాణానికి వెళితే ఒకరు. మూడో తారీకు అమ్మవారి పర్వదినం, గుడికి కూడా వెళ్ళలేక ఇంట్లోనే అగరొత్తి వెలిగించాను.

మామగారు నిన్న కొత్త రాయికి పేర్లు రాయించి ఇచ్చేశాడు. మీ బావ పేరు, పక్కన నా పేరు. "లోతుగా చెక్కండి. వానకి అరగకూడదు" అని చెప్పాడట.

ఇక ఎవరికీ ఏమీ రాయవద్దు.

సూచిన్

•

నింగ్బో
2 సెప్టెంబరు 1996

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు దుకాణం తెరవలేదు. నా నోటికి తాళం లేదని అమ్మ ఎప్పుడూ అనేది. చేతికీ లేదని ఇప్పుడు తెలిసింది.

షెన్ మాస్టారి భార్యకి కొత్త మెత్త కుట్టి పంపుతున్నాను. లోపల మంచి దూది. ఎవరు పంపారో చెప్పకు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. అన్ని ఉత్తరాల్లోనూ ఆ మాట, ఈ మొక్కు, ఆ మామగారు. నీకు రావాలని ఉందని ఒక్కసారీ రాయలేదు. నేనే నిన్ను లాగుతున్నానా? నీకు ఇష్టం లేకపోతే ఒక్క ముక్క రాయి. ఇక కదిలించను.

వాన్‌జెన్

•

చిలింగ్
28 డిసెంబరు 1996

చెల్లీ,

నాలుగు నెలలు జవాబు రాయలేదు. కోపం వల్ల కాదు. నువ్వడిగిన ఒక్క ముక్క రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. రాస్తే అబద్ధం కాదు, నిజమే అవుతుంది. నిజం కాగితం మీద పెట్టాక ఇక్కడ ఎలా ఉండాలో తెలియలేదు.

సమాధులు మార్చారు. ఏం జరిగిందో వరసగా చెబుతాను.

ఎముకల మీద ఎండ పడకూడదు కదా. మామగారు నల్లగొడుగు తెచ్చి నా చేతికిచ్చాడు. ఆగస్టు తర్వాత ఆయన నాకు అందించిన మొదటి వస్తువు అది. గొడుగు కింద మీ బావని మామగారే స్వయంగా, పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క ఎముకా కొత్త పెట్టెలో సర్దాడు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. ఎవరినీ సాయం పట్టనివ్వలేదు.

"గొడుగు ఇంకొంచెం పైకెత్తు, అమ్మాయ్. వాడికి చీకటంటే భయం" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఎనిమిదేళ్ళొచ్చేదాకా నా చొక్కా అంచు పట్టుకుని గాని పడుకునేవాడు కాదు. వాడినొక్కణ్ణీ ఎలా ఉంచను? నేను వాళ్ళమ్మ పక్కకి పోతాను. వాడి పక్కకి ఎవరొస్తారు?"

వాన్‌జెన్, తొమ్మిదేళ్ళుగా ఆ ఎర్రపేరు నా మీద వేసిన గొళ్ళెం అనుకున్నాను. ఆయనకది కొడుకు దగ్గర పెట్టిన దీపం. అది తెలిశాక నాకు ఇంకా కష్టమైంది. గొళ్ళెమైతే తిట్టుకోవచ్చు. దీపాన్ని ఏమని తిట్టుకుంటాం?

మధ్యాహ్నానికి అందరూ ఏటి అవతలికి చేరాం. కొత్త రాళ్ళు బళ్ళో పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. రంగు వేసే ఇద్దరు పొరుగూరివాళ్ళు. వాళ్ళ దగ్గరున్నది ఒక్కటే డబ్బా, నలుపు. పొద్దుటి నుంచి చెక్కిన ప్రతి పేరునీ నలుపుతో నింపేశారు. మా ఊళ్ళో బతికున్న ఏడుగురు ఆ పూటకి చచ్చిపోయారు.

ముసలి గూ తన పేరు ముందు నిలబడి, "పొద్దున రెండు గిన్నెల గంజి తాగొచ్చాను. చచ్చినవాడు రెండు గిన్నెలు తాగుతాడట్రా?" అని వాళ్ళ మీద కర్ర ఎత్తాడు.

"ఏమో తాతా, మేమెప్పుడూ చచ్చి చూళ్ళేదు. మాకిచ్చింది ఒకటే డబ్బా" అన్నారు వాళ్ళు.

ఆడవాళ్ళు అపశకునమని ఏడ్చారు. ఎవరో సైకిలు మీద వెళ్ళి ఎర్ర డబ్బా తెచ్చారు. నలుపు తుడిచి, ఎరుపు దిద్దుతూ ఒక్కొక్కరినీ బతికించుకుంటూ వచ్చారు. ముసలి గూ తన పేరు ఆరేదాకా విసనకర్రతో విసిరాడు. చివరికి మా రాయి దగ్గరికి వచ్చారు. మీ బావ పేరు నల్లగా, నా పేరు నల్లగా, రెండూ ఒకే రంగులో ఉన్నాయి. ఆ పేరు చూస్తుంటే నా మెడ వెనక చల్లగా లేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

రంగువాడు గుడ్డ తడిపాడు. నేను చేయి అడ్డం పెట్టాను.

"ఉండనీ బాబూ" అన్నాను.

"దీనికి మతిపోయింది" అంది ఫాంగ్. మామగారు నా వంక చూశాడు, రాయి వంక చూశాడు. రంగువాణ్ణి పొమ్మని చేయి ఊపాడు.

ఆ సాయంత్రం పిండిని కజ్జికాయల్లా మడిచి ఉడికించాను, లోపల మాంసం పెట్టినవి ఆయనకి, మాంసం తిననని అమ్మవారికి మొక్కు కనక క్యాబేజీవి నాకు. ఆయన గిన్నె తీసుకుని పెద్దకొడుకు ఇంటికి వెళ్ళలేదు. నా ఎదురుగా కూర్చుని తిన్నాడు.

ఎందుకలా చేశానో నాకే పూర్తిగా తెలియదు. రాయడానికి చేతులు చలికి పనిచేయడం లేదు.

నీ సూచిన్

•

నింగ్బో
9 జనవరి 1997

అక్కా,

ఇదేం పని? వెంటనే వెళ్ళి ఎరుపు వేయించు. నాకు ఇవన్నీ నమ్మకం లేదని నీకు తెలుసు. అయినా ఉత్తరం చదివినప్పటి నుంచి కుడికన్ను అదురుతోంది. మిషను మీద సూది రెండుసార్లు విరిగింది. నిన్న మొదటిసారి గుడికి వెళ్ళి నీ పేరున అగరొత్తులు కొని, ఎలా పట్టుకోవాలో తెలియక పక్కనున్నావిడని అడిగాను.

ఇక రమ్మని అడగను. అక్కడే ఉండు, ఆ గుహలోనే కూర్చో, ఆయనకి గంజి కాస్తూ ఉండు. బతికి ఉండు, అంతే చాలు.

నీ చెల్లి

•

చిలింగ్
12 మార్చి 1997

నా బంగారు చెల్లికి,

అగరొత్తులు మూడు, రెండు చేతులతో నుదుటి ఎత్తున పట్టుకోవాలి. వచ్చాక చూపిస్తాను.

అవును, వస్తున్నాను.

కొత్త సంవత్సరం పండుగ వెళ్ళాక ఒక రోజు మామగారు కర్ర పట్టుకుని కొండ లోపలికి వచ్చాడు. కొడుకు పోయాక ఆయన అందులో అడుగుపెట్టడం అదే మొదలు. రాణీగారి గది అంతా చూసి, రాతి పడక మీద చేయి వేయబోయాడు. "తాకకూడదు మామయ్యా" అన్నాను అలవాటు కొద్దీ. చేయి వెనక్కి తీసుకున్నాడు.

షెన్ మాస్టారిని అడిగాడు. "అసలిందులో ఏం దొరికింది?"

మాస్టారు ఎప్పుడూ యాత్రికులకి తలా ఒక కథ చెబుతారు. రాణి పుట్టింటికి పోయిందని ఒకరికి, అలిగిందని ఒకరికి. ఆ రోజు మాత్రం చమత్కారమాడలేదు. "ఒక జత పట్టు చెప్పులు, లక్కపెట్టెలో చీకిపోయిన గుడ్డ. మనిషి జాడ లేదు. రాణి ఎక్కడో దూరాన చనిపోతే బట్టలు పంపించి ఉంటారు. బట్టలు పెట్టినా సమాధి సమాధే. పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే కదా" అన్నారు.

"రాజు ఒప్పుకున్నాడా?"

"రెండు వేల ఏళ్ళుగా గొడవ చేసినట్టు లేదు."

మామగారు బయటికి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అమ్మాయ్, నీ పెళ్ళినాటి కోటు ఉందా?" అన్నాడు.

మర్నాడు మేమిద్దరమే ఏరు దాటాం. నా ఎర్ర దూది కోటు ఆయనే మడత పెట్టాడు. మొదట కోటు చేతులు లోపలికి మడిచి, ఏమనుకున్నాడో మళ్ళీ విప్పి, ఒక చేయి అంచు మీ బావ పెట్టె మీదికి వచ్చేలా గోతిలో సర్దాడు. చొక్కా అంచు పట్టుకుని పడుకునేవాడన్నాడు కదా. మట్టి కప్పాక మద్యం పోసి, కొడుకుతో "ఒరే లిషెంగ్, వచ్చింది. ఇక నన్నడక్కు" అన్నాడు.

నేను ఇచ్చిన మాట అక్కడ నెరవేరిందో లేదో అమ్మవారికే తెలియాలి. నాకు మాత్రం కన్నీళ్ళు ఆగలేదు. ఆయన రాయి మీద నా నల్లపేరుకి అంటిన మట్టి తువ్వాలుతో తుడిచి, "నీకిక్కడ పని అయిపోయింది. పోయినవాళ్ళని ఎవడు ఆపుతాడు? గుడికి పోతావో, సముద్రానికి పోతావో పో" అన్నాడు. కొంచెం దూరం నడిచాక, వెనక్కి తిరక్కుండానే, "పండుగకి మాత్రం వచ్చి ఊడ్చు. ఫాంగ్ సరిగ్గా ఊడవదు" అన్నాడు.

"నా గంజి?" అనలేదాయన. నేనే అడిగాను. "పెద్దవాడి ఇంట్లో ఉప్పెక్కువ. అలవాటైపోయింది" అన్నాడు. ఆ ఒక్క మాట నాతో పాటు రైల్లో వస్తుంది. దాన్నెక్కడా దింపి రాలేను.

నా పీట షెన్ మాస్టారి భార్యకి ఇచ్చారు. నువ్వు కుట్టిన మెత్త వేసుకుని, మొన్ననే ఉద్యోగంలో చేరింది. గింజల పొట్టు కింద వేసిన యాత్రికుణ్ణి బయటికి పంపేసిందట.

ఇరవై మూడున రైలు. ఇరవై ఏడున గ్వాన్‌యిన్ అమ్మ పుట్టినరోజుకి నీతో పాటు పడవెక్కాలి. సమాధుల పండుగకి ఏప్రిల్ మొదటి వారంలో తిరిగి ఇక్కడికి రావాలి. నా సమాధి ఊడ్చుకోవాలి కదా. అది అయ్యాక మళ్ళీ నీ మేడగదికే.

నువ్వడిగిన ఒక్క ముక్క ఇదిగో: రావాలని ఉంది. ఎప్పటినుంచో ఉంది.

స్టేషనులో ఎర్రకోటు కోసం వెతకకు. బూడిదరంగు శాలువాలో ఉంటాను.

సూచిన్